ఒకే పడవ, రెండు చుక్కలు

కంప్యూటర్ అంటే మీకు బల్ల మీద వెలిగే యంత్రం. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అది మనిషికిచ్చే హోదా. సర్వే ఆఫీసుల్లో కూర్చుని లెక్కలు కట్టే గుమాస్తాని కంప్యూటర్ అనేవాళ్ళు. నా నియామకపు ఉత్తర్వులో ఆ మాటే టైపు చేసి ఉంది. మా నాయన దాన్ని నా చేత మళ్ళీ మళ్ళీ పలికించుకుని, "ఇదేం ఉద్దోగంరా, నోరు తిరగదు. పిల్లనిచ్చేవోడికి ఏమని చెప్పేది?" అన్నాడు. ఏమని చెప్పాడో తెలియదు గానీ పిల్లనైతే ఇచ్చారు.

ఈ మధ్య ఇంజినీర్ల సభ ఒకదానికి నన్ను పెద్దమనిషిగా పిలిచి కూర్చోబెట్టారు. శాలువా కప్పే ముందు ఒకాయన తెర మీద రెండు వంకర గీతలు గీసి, అవి ఎక్కడ ఖండించుకుంటాయో యంత్రం చేత చెప్పించాడు. రెప్పపాటులో గీతలు కలిసిన చోట ఎర్రచుక్క వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. తర్వాత టీ దగ్గర ఆయన్ని అడిగాను, ఆ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటే మీ యంత్రం చుక్క ఎక్కడ పెడుతుందని. ఆయన నవ్వి, "అలాంటివి దానికి ఇవ్వకూడదండీ" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇది రాస్తున్నాను. ఇవ్వకూడని గీతలు నాకు ఒకసారి ఇచ్చారు. ఎవరు ఇచ్చారని అడిగితే ఇప్పటికీ ఒక మనిషిని వేలెత్తి చూపించలేను.

అరవైల మొదటి సంవత్సరాలు. మాది చిట్టమూరు వైపు పల్లె. వరి కయ్యల్లో నిలిచే నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఎరగనివాణ్ణి. అలాంటి నన్ను తీసుకెళ్ళి వాకాడుకి తూర్పున సముద్రపు ఒడ్డున గుడారంలో పడేశారు. సరుకు ఓడలు లంగరు వేసుకోవడానికి ఆ తీరంలో అనువైన చోటు ఉందేమో చూడాలి. అందుకు సముద్రం లోతులు కొలిచి పటం గీయాలి. అదీ మా పని. ఆఫీసు పేరు చెప్పను, మనుషుల పేర్లు అసలే చెప్పను. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళకి ఇది గుర్తు చేయడం నాకిష్టం లేదు.

మాకు ఒక మోటారు లాంచీ, దాని వెనక తాడుతో కట్టి లాగే ఒక ఇనప పడవ. లాంచీలో మా ఆఫీసరు గారు, చెప్పింది రాసుకునే గుమాస్తా, లాంచీ నడిపే డ్రైవరు. ఇనప పడవలో తెడ్లు వేసేవాళ్ళు ఇద్దరు, ముందు వైపు నిలబడి లోతు చెప్పే మనిషి ఒకడు. సీసపు గుండు కట్టిన పొడుగాటి తాడును అతను నీళ్ళలోకి విసిరి, గుండు అడుగున తగలగానే లోతు కేకేసి చెప్పాలి. ఆ ఊళ్ళో చేపలు పట్టేవాడే, మేం జీతానికి పెట్టుకున్నాం. గుండు వేసేవాడు గనక అందరం గుండన్న అనేవాళ్ళం, తల నిండా నొక్కుల జుట్టున్నా సరే. లోతు అడుగుల్లో చెప్పమని ఆఫీసరు గారు ఎంత మొత్తుకున్నా అతను బారల్లోనే అరిచేవాడు. రెండు చేతులూ చాపితే ఒక బార.

"నా చేతులు నాకు తెలుసు సార్. మీ అడుగులు ఎవురివో నాకేం తెలుసు?" అనేవాడు.

చివరికి ఆఫీసరు గారే దిగివచ్చి బారలే రాయించారు. మొదట్లో ఒకసారి గుండు తాడుతో సహా చెయ్యి జారి నీళ్ళలో పోయింది. పోయిన గుండుకి సంజాయిషీ రాయాలని గుమాస్తా అతన్ని ఆటపట్టించాడు. ఆ మాట గుండన్న మనసులో పెట్టుకున్నాడు. అప్పటినుంచి తాడు కొస ఒక ముడి పడవ కడియానికి, ఇంకో ముడి తన నడుముకి వేసుకునేవాడు. "ఇంగ పోతే గుండూ నేనూ కలిసే పోతాం, సంజాయిషీ మీరే రాసుకోండి" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం.

లోతు చెప్పడం ఒక ఎత్తు, ఆ లోతు ఎక్కడిదో చెప్పడం ఇంకో ఎత్తు. నీళ్ళ మీద గుర్తులుండవు. అందుకని ఒడ్డున మూడు గుర్తులు నిలబెట్టాం. సరుగుడు బాదులు మూడేసి కలిపి కట్టి, పైన తెల్లగుడ్డ. లాంచీలోంచి ఆఫీసరు గారు కోణాలు కొలిచే పరికరం పట్టుకుని, ఎడమ గుర్తుకీ నడిమి గుర్తుకీ మధ్య ఒక కోణం, నడిమి గుర్తుకీ కుడి గుర్తుకీ మధ్య ఇంకో కోణం చూసేవారు. రెండు గుర్తుల మధ్య కోణం తెలిస్తే, పడవ ఆ రెండు గుర్తుల మీదుగా పోయే ఒక వృత్తం మీద ఎక్కడో ఉన్నట్టు లెక్క. రెండో కోణం ఇంకో వృత్తాన్ని ఇస్తుంది. ఈ రెండు వృత్తాలూ ఒడ్డున నడిమి గుర్తు దగ్గర ఒకసారి కలుస్తాయి, సముద్రంలో ఇంకోసారి కలుస్తాయి. సముద్రంలో కలిసిన చోటే పడవ. నా ఉద్యోగమంతా ఆ చోటు పట్టుకోవడమే.

ప్రతిసారీ లెక్క కట్టనక్కర్లేదు. మూడు చేతులున్న ఇత్తడి పరికరం ఒకటి ఉండేది, స్టేషన్ పాయింటర్ అంటారు. రెండు కోణాలనీ అందులో బిగించి పటం మీద పెట్టి, మూడు చేతులూ మూడు గుర్తుల మీదికి వచ్చేదాకా జరపాలి. కుదిరిన చోట అది ఆగిపోతుంది, ఏ పక్కకి కదిపినా ఏదో ఒక చెయ్యి గుర్తు తప్పుతుంది. నడిమి రంధ్రంలోంచి పెన్సిలుతో పొడిస్తే అదే పడవ ఉన్న చోటు. అలా పొడుస్తూ కూర్చోవడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. సముద్రంలో కాలు పెట్టని నేను సముద్రం మీద చుక్కలు పెడుతున్నానని లోలోపల గర్వం కూడా.

ఇందులో ఒక చిక్కుంది. మూడు గుర్తులూ, పడవా, నాలుగూ ఒకే వృత్తం మీద పడితే నా రెండు వృత్తాలూ ఒకటే అయిపోతాయి. అప్పుడు కలిసే చోటు అంటూ వేరే ఉండదు, వృత్తమంతా కలిసే చోటే. ఇది మాకు తెలియని సంగతి కాదు, పరీక్షలో రాసి పాసైనవాళ్ళమే. నడిమి గుర్తు మిగతా రెండింటికన్నా సముద్రానికి దగ్గరగా ఉంటే ఈ బెడద రాదు. మేం దాన్ని నీళ్ళకి దగ్గరగా ఒడ్డు ఇసుకలోనే పాతాం. ఆ ఏడు పని సాఫీగానే సాగింది.

ఆ ఊరివాళ్ళు అలివి వల లాగుతారు. వల ఒక కొస ఒడ్డున వదిలి, మిగతా వలతో పడవలో సముద్రంలోకి పోయి, చుట్టు తిరిగి రెండో కొస ఒడ్డుకి తెస్తారు. ఆ తర్వాత ఆడా మగా రెండు వరసలు కట్టి, తాళ్ళు పట్టుకుని ఇసుకలో వెనక్కి నడుస్తూ లాగుతారు. లాగేకొద్దీ రెండు వరసలూ దగ్గరికి జరుగుతాయి. మా నడిమి గుర్తు సరిగ్గా వాళ్ళు జరిగే దారిలో పడింది. తాడు దానికి తగులుకుని వల ఒరిగిపోయి, లోపల పడ్డ చేపంతా బయటికి పోయిన రోజులున్నాయి. ఊళ్ళో గొణుగుడు మొదలైంది. గుండన్న మా మనిషీ, వాళ్ళ మనిషీ కూడా. ఒక సాయంత్రం ఆఫీసరు గారి గుడారం ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"సార్, ఆ నడిమి బాదుల్ని ఊరెనక దిబ్బ మీదికి మార్చుకోగూడదా? ఆడైతే ఎవురికీ అడ్డముండదు. ఎత్తు గదా, మీకే బాగా కనపడతాది."

"వెనక్కి జరిపితే లెక్కలో చిక్కొస్తుందయ్యా" అన్నారు ఆఫీసరు గారు.

"లెక్కకి ఈ అబ్బయ్య ఉండాడు గదా సార్" అని గుండన్న నన్ను చూపించాడు.

ఆఫీసరు గారు మెత్తని మనిషి. గోదావరి వైపు ఆయన, మాట కూడా మెత్తగా ఉండేది. రెండు రోజులు ఆలోచించి, "వాళ్ళ ఒడ్డున కూర్చుని వాళ్ళ నోటికాడ కూడు తీసెయ్యడం ఏం బాగుంటుందోయ్" అని నాతో అన్నారు. గుర్తును దిబ్బ మీదికి మార్పించారు. నేను లెక్కలన్నీ మళ్ళీ కట్టి, ఆ కొత్త మూడు గుర్తుల మీదుగా పోయే వృత్తం సముద్రంలో ఎక్కడ పడుతుందో పటం మీద ఎర్ర పెన్సిలుతో గీశాను. అది ఒడ్డునుంచి మైలు దూరం దాకా విల్లులా ముందుకు వంగి ఉంది. ఆ ఎర్రగీత దగ్గర పని చేసేటప్పుడు నడిమి గుర్తు వదిలేసి, ఉత్తరాన దూరంగా కనిపించే దీపస్తంభాన్ని గుర్తుగా వాడాలని ఆఫీసరు గారు అందరికీ చెప్పారు. రోజూ అలాగే వాడారు కూడా. ఒక్కరోజూ మరిచిపోలేదు.

గుర్తు మార్చిన మర్నాడు గుండన్న భార్య పళ్ళెంలో వంజరం ముక్కలు పెట్టుకుని గుడారానికి వచ్చింది. చిన్న వయసు, ఇంకా పిల్లలు లేరు. "మా ఇంటాయన మాట మీరు ఇన్నారంట సార్. ఊళ్ళో మా మొగం పెద్దదైపోయింది" అని ఆఫీసరు గారికి చెప్పి, సిగ్గుతో పళ్ళెం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. మేం ఆ చేప చాలా ఇష్టంగా తిన్నాం. ఇంతవరకు చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో మీరు వెతకండి. నేను వెతికి వెతికి విసిగిపోయాను.

వానలు ముంచుకొచ్చే ముందరి రోజులు. ఆ నెలలో తీరం వెంట నీటి ప్రవాహం దిక్కు మార్చుకుంటూ ఉంటుంది. ఒకరోజు ఉత్తరానికి లాగుతుంది, ఒకరోజు దక్షిణానికి. మధ్యాహ్నం అన్నం తిని గుడారంలో పటం ముందు కూర్చున్నాను. తూర్పున ఆకాశం నల్లబడి ఒక్కసారిగా గాలివాన కొట్టింది. గుడారం తాళ్ళు పట్టుకుని నిలబడ్డాను. వాన తెరిపి ఇచ్చాక లాంచీ వచ్చింది. వెనక ఇనప పడవ లేదు.

జరిగింది ఇది. గాలివాన తాకగానే లాంచీకీ ఇనప పడవకీ మధ్య తాడు తెగింది. లాంచీ వెనక్కి తిరిగేలోపల ఒక కెరటం పడవ నిండా పడింది. అందులో లంగరు, గొలుసులు, చోటు గుర్తు పెట్టడానికి నీళ్ళ మీద వదిలే పీపాలు, అన్నీ ఉన్నాయి. పడవ రాయిలా దిగిపోయింది. తెడ్లు వేసే ఇద్దరూ ఈదుతుంటే లాంచీలోకి లాగారు. గుండన్న పైకి రాలేదు. తాడు ముడి అతని నడుముకి ఉంది.

ఆ ఇద్దరినీ పైకి లాగుతుండగా ఆఫీసరు గారు తన చదువు చెప్పిన పని చేశారు. పరికరం తీసి రెండు కోణాలు చూశారు. నీళ్ళ మీద వదలడానికి వాళ్ళ దగ్గర పీపా లేదు, వేయడానికి లంగరు లేదు. లాంచీ అప్పటికే కొట్టుకుపోతోంది. ఆ చోటు తర్వాత దొరకాలంటే కోణాలొక్కటే దారి. ఉత్తరాన దీపస్తంభం వానలో కనిపించలేదు. ఒడ్డున ఉన్న మూడు తెల్లగుడ్డలే మసకగా కనిపించాయి. వాటినే పట్టుకున్నారు. కళ్ళ ముందు మనిషి మునిగిపోతే చెయ్యి వణకకుండా కోణాలు చూసిన ఆయనకి నేను ఇప్పటికీ దండం పెడతాను.

తడి బట్టలతోనే నా గుడారానికి వచ్చి కాగితం చేతిలో పెట్టారు. "ఎక్కడో చెప్పు. తొందరగా చెప్పు" అన్నారు.

కోణాలు బిగించి స్టేషన్ పాయింటర్ పటం మీద పెట్టాను. మూడు చేతులూ మూడు గుర్తుల మీదికి వచ్చాయి. అమ్మయ్య అనుకుని పెన్సిలు తీసుకోబోతే నా మోచెయ్యి తగిలి పరికరం జరిగింది. చూస్తే మూడు చేతులూ ఇంకా మూడు గుర్తుల మీదే ఉన్నాయి. ఇంకొంచెం జరిపాను. అప్పుడూ ఉన్నాయి. అటు తోశాను, ఇటు తోశాను, పరికరం ఎక్కడా ఆగలేదు. దాని నడిమి రంధ్రం నేను గీసిన ఎర్రగీత వెంబడే నడుస్తూ పోయింది. ఆఫీసరు గారు అది చూశారు. పెట్టె మీద కూలబడ్డారు.

"లెక్క కట్టు" అన్నారు. కట్టాను. సంవర్గమానాల పుస్తకం ముందు పెట్టుకుని చెయ్యి నొప్పెట్టేదాకా కట్టాను. కోణంలో వెంట్రుకవాసి తేడా వేస్తే పడవ ఊరి ఈ చివరనుంచి ఆ చివరకి పోతోంది. కుదుటగా ఉన్న రోజున కూడా ఏ మనిషీ కోణాన్ని అంత నిక్కచ్చిగా చూడలేడు.

గుమాస్తాకి అప్పుడు గుర్తొచ్చింది. తాడు తెగడానికి క్షణం ముందు గుండన్న కేకేసిన లోతు తను రాసుకున్నాడు. అయిదు బారలు. అప్పటికే మేం ఆ తీరంలో అయిదు బారల లోతున్న చోట్లన్నీ కలుపుతూ పటం మీద గీత గీసి ఉన్నాం. ఎర్రగీత కాకుండా ఇంకో గీత దొరికింది! అది ఎర్రగీతని ఎక్కడ కోస్తే అక్కడే పడవ. నాకు ఒళ్ళు పులకరించింది. గుండన్న తన గొంతుతో తనే చోటు చెప్పిపోయాడనిపించింది. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందంటే, నా వేలు ఆ గీత వెంబడి నడిచి ఎర్రగీతని రెండోసారి దాటేదాకా. లోతు గీత ఒడ్డుకి సమాంతరంగా తిన్నగా పోతోంది. ఎర్రగీత విల్లులా వంగి ఉంది. ఉత్తరాన ఒకచోట కోసింది, దక్షిణాన ఒకచోట కోసింది. మధ్య అర మైలు సముద్రం. నేను రెండు చోట్లా చుక్కలు పెట్టాను.

ఈది బతికిన ఇద్దరినీ అడిగాం. ఉత్తరమని ఒకడు ఒట్టేశాడు, దక్షిణమని ఒకడు ఒట్టేశాడు. లాంచీ డ్రైవరు ఏడుస్తూ, "చుక్కాని పట్టుకోనుండా సార్, నాకు దిక్కులు యాడ తెలిసినాయి?" అన్నాడు. గాలి దక్షిణానికి తోసి ఉండాలి. ప్రవాహం ఆ రోజు ఎటు లాగిందో ఊళ్ళో ఒక్కరూ తేల్చి చెప్పలేకపోయారు. చీకటి పడేలోపు కృష్ణపట్నం నుంచి సైకిలు మీద కబురు వచ్చింది. తుఫాను హెచ్చరిక జెండా ఎగరేశారట, రేపు సాయంత్రానికల్లా లాంచీ రేవుకి బయలుదేరాలట. అంటే వెతకడానికి మాకు ఒక్క పగలు. ఒక్క చోటు.

"ఏదోయ్?" అని అడిగారు ఆఫీసరు గారు.

"రెండూ సమానమే సార్."

"ఊరికే ఏదో ఒకటి చెప్పు. నీ నోటితో చెప్పు."

"నాకు తెలియదు సార్."

ఆయన పటం మీదికి వంగి దక్షిణపు చుక్క మీద వేలు పెట్టారు. మర్నాడు పొద్దున్నే లాంచీ, ఊరి పడవలు అన్నీ అక్కడికి పోయాయి. బావిలో పడ్డ చేదలు తీసే పాతాళగరిగెలు ఊళ్ళో ఉన్నవన్నీ తెచ్చి తాళ్ళకి కట్టి నీళ్ళ అడుగున ఈడ్చారు. గుండన్న తమ్ముడు ఊపిరి బిగపట్టి దిగుతూ, ముక్కులోంచి రక్తం కారుతూ పైకి వచ్చేవాడు. చినిగిన వల ముక్కలు వచ్చాయి, రాళ్ళు వచ్చాయి. పడవ రాలేదు. గుండన్న భార్య ఒడ్డున కూర్చుని ఉంది. ఏడవలేదు. శవం తేలదని ఆమెకి అప్పటికే తెలుసు, ముడి సంగతి ఎవరో చెప్పారు. పడవ దొరికితే మనిషి దొరుకుతాడు, లేకపోతే లేదు.

సాయంత్రం లాంచీ వెళ్ళిపోయింది. మర్నాడు ఊరివాళ్ళు తమంతట తామే ఉత్తరపు చుక్కకి బయలుదేరారు, కెరటాలు వెనక్కి తరిమాయి. ఆ పైన తుఫాను. సముద్రం సర్దుకున్నాక రెండు చోట్లా మళ్ళీ మళ్ళీ వెతికారు. తుఫాను అడుగునున్న ఇసకనంతా కలియబెట్టేసింది. ఇంక అక్కడ ఇనప పడవ ఉన్నా పైన ఎంత ఇసక పేరుకుందో ఎవరికి తెలుసు? రెండు చోట్లా ఏమీ దొరకలేదు. దొరకనందువల్ల ఫలానా చోట లేదని కూడా చెప్పడానికి వీల్లేదు.

కొన్నాళ్ళకి ఊరి పెద్ద కబురు చేశాడు, పటం తీసుకుని రమ్మని. ఆఫీసరు గారు గుడారంలో గుడ్డ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. "నువ్వెళ్ళు. నేను వాళ్ళ మొహం చూడలేను. లెక్క ఏం చెప్పిందో అదే చెప్పు, ఇంకేమీ చెప్పకు" అన్నారు. వలలు పెట్టుకునే పాకలో చాప పరిచి పటం పరిచాను. ఊరి పెద్ద, గుండన్న తల్లి, తమ్ముడు, ఒక మూలగా అతని భార్య.

"అబ్బయ్యా, ఇంగ వాడు దొరకడు, అది మాకు తెలుసు" అన్నాడు పెద్ద. "దొరక్కపోతే మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండాది. మునిగినకాడికి పడవలో పోయి పాలు పోస్తాం. పెళ్ళాం పుస్తె తీసి ఆ నీళ్ళల్లోనే వదలాల. అప్పుడే వాడు పోయినట్టు. యాడో తెలియకుండా వదిలితే లెక్కలేదు. ఈ పిల్లకి ముందు బతుకు శానా ఉండాది. మాలో మారుమనువు తప్పు కాదు, అడిగేవోడు కూడా ఉండాడు. నువ్వు చోటు చెప్తే చాలు."

నేను రెండు చుక్కలూ చూపించాను.

"ఒకటి చెప్పు నాయనా."

"రెండిట్లో ఏదైనా కావచ్చు పెద్దాయనా. లెక్కలో రెండే వస్తున్నాయి."

ఆయన నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "నిజం మాకొద్దబ్బయ్యా. నిజం ఏం చేసుకుంటాం? నీ చేత్తో ఒకటి కొట్టెయ్. మిగిలినకాడికి పోతాం."

పెన్సిలు నా చేతిలోనే ఉంది. కొట్టేయలేదు. కొట్టేయడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా లేదు. పెద్ద విసుగ్గా నా చేతిలోంచి పెన్సిలు లాక్కుని ఉత్తరపు చుక్క మీదికి వంగాడు. అప్పుడు గుండన్న భార్య లేచి వచ్చింది.

"నువ్వు కొట్టేస్తే ఆయన ఆడ లేకుండా పోతాడా మామా?" అంది.

"ఏదో ఒకటి అనుకోవాల గదే అమ్మా."

"రెండు చోట్ల పోయినోడు యాడా పోయినట్టు కాదు" అంది. పటం వైపు ఇంకోసారి చూసి, పుస్తెల తాడు రవికలోకి దోపుకుని బయటికి నడిచింది. అత్త వెనకాలే ఏడుస్తూ పరిగెత్తింది. పెద్ద పెన్సిలు చాప మీద పడేసి, "మీ చదువులు మండిపోను" అన్నాడు. నేను పటం చుట్టుకుని వచ్చేశాను.

మిగతాది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. శాఖవాళ్ళు విచారణ జరిపి, ఎవరి తప్పూ లేదని తేల్చారు. మా ఆఫీసరు గారికి అంతకన్నా పెద్ద శిక్ష ఇంకొకటి లేదు. ఎవరో ఒకరు తప్పంటే ఆయన తల వంచుకుని కొంత తేలికపడి ఉండేవారు. ఆ తర్వాత ఆయన లాంచీ ఎక్కలేదు. అడిగి మరీ ఫైళ్ళ సెక్షన్‌కి వేయించుకున్నారు. మేం గీసిన పటం అచ్చయినప్పుడు చూశాను. ఆ చోట ఏమీ లేదు, శుభ్రమైన సముద్రం. ఒక పడవకి రెండు చోట్ల గుర్తు పెట్టడం కుదరదని పైనుంచి రాశారట. ఓడలు లంగరు వేసే చోటు కూడా చివరికి అక్కడ పెట్టలేదు.

చిన్నవాళ్ళు అడుగుతారు, అప్పుడు ఒక చుక్క కొట్టేసి ఉంటే ఏం పోయేదని. నేనూ అడుగుతుంటాను. తప్పో ఒప్పో ఒక చుక్క మిగిలి ఉంటే ఆమె పాలు పోసేది, ఏడిచేది, కొన్నాళ్ళకి ఇంకొకరి ఇల్లు చక్కబెట్టుకునేది. నేను నిజం చెప్పడం వల్ల ఎవరికి ఏం ఒరిగిందో నాకు తెలియదు. రేపు మళ్ళీ ఎవరైనా ఆ పటం పరిచి అడిగితే మళ్ళీ రెండే చూపిస్తాను. అనుభవం నేర్పుతుందంటారు. ఈ విషయంలో నాకేమీ నేర్పలేదు.

ఆ దశాబ్దం చివర్లో ఏదో పని మీద వాకాడు వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడితే, చెట్టు కింద ఎండు చేపల బుట్ట పెట్టుకుని అమ్ముతూ ఆమె కనిపించింది. మనిషి ఎండిపోయింది. నుదుట పెద్ద కుంకుమబొట్టు, మెడలో పుస్తెలు. ఆమెని అడిగినవాడు కొన్నాళ్ళు చూసి ఇంకో పెళ్ళి చేసుకున్నాడని అంతకు ముందే ఎవరో చెప్పారు. నేను మొహం తిప్పుకోబోయాను. ఆమే గుర్తుపట్టింది.

"లెక్కల సార్ గదా?"

"అవునమ్మా."

క్షేమం అడుగుతుందనుకున్నాను. ఆమె చుట్టూ చూసి, ఇంకెవరికీ వినపడకుండా అడిగింది.

"ఆ రెండిట్లో ఒకటన్నా కొట్టేసినారా సార్?"

ఆ ప్రశ్న అడగడానికి ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆమె కళ్ళలో కనిపించింది. బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కుతున్నారు.

"లేదమ్మా. రెండూ అట్లాగే ఉన్నాయి."

ఆమె తల ఊపింది. కోపం లేదు, ఏడుపు లేదు. చేపల మీద గోనెపట్టా కప్పి, తలగుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుంది.

"అయితే నేనూ ఇట్టనే ఉంటాలే సార్" అంది. "కాస్త బుట్టకి చెయ్యెయ్యండి."

ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను.